ఓ చేత బేస్ గిటారు... మరో చేత భూతాపం ఫైలు!

ప్లెయిన్స్‌బరో (న్యూజెర్సీ): మీ ఇంట్లో హైస్కూలు పిల్లలుంటే ‘ఏజేఆర్’ అన్న మూడక్షరాలు ఈపాటికి మీ చెవిన పడే ఉంటాయి. కారెక్కగానే బ్లూటూత్ లాగేసుకుని వాళ్లు పెట్టే పాటల్లో ఆ బ్యాండువీ ఉంటాయి. ‘వీక్’ అనీ, ‘బ్యాంగ్’ అనీ పేర్లు. ఘంటసాల, బాలుల మీద పెరిగిన చెవులకు మొదట గోలగా అనిపిస్తాయి, నిజమే. కానీ ఆ గోల వెనక బేస్ గిటారు పట్టుకుని నిలబడే అన్న ఒకాయన ఉన్నాడు. పేరు ఆడమ్ మెట్. ఆయన గురించి తెలిస్తే మన తల్లిదండ్రులు కూడా కాస్త ఆగి వింటారు. ఎందుకంటే ఆయన డాక్టరేటు చేశాడు. అదీ సంగీతంలో కాదు. మానవ హక్కుల చట్టం, సుస్థిర అభివృద్ధి మీద, బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో!

పాటలు పాడుకునేవాడికి పీహెచ్‌డీ ఎందుకయ్యా అంటారా? ఈ కథంతా అక్కడే ఉంది.

పార్కులో మొదలైన పాట

ఏజేఆర్ అంటే ఆడమ్, జాక్, ర్యాన్. ముగ్గురూ న్యూయార్క్‌లో పుట్టి పెరిగిన అన్నదమ్ములు. ఆడమ్ పెద్దవాడు, 1990లో పుట్టాడు. జాక్ అందరికన్నా చిన్నవాడు, అసలు గొంతు అతనిదే. ఇరవై ఏళ్ల కిందట మన్‌హట్టన్‌లోని వాషింగ్టన్ స్క్వేర్ పార్కులో నిలబడి, వచ్చేపోయేవాళ్ల కోసం పాడేవాళ్లు. జనం వేసిన డాలర్లతోనే వాయిద్యాలు, రికార్డింగు సామగ్రి కొనుక్కున్నారు. ఇంట్లో హాలునే స్టూడియో చేసుకున్నారు. 2015లో వచ్చిన మొదటి ఆల్బమ్ పేరు కూడా అదే... ‘లివింగ్ రూమ్’. పెద్ద కంపెనీ చేతిలో పడకుండా సొంత లేబుల్ మీదే ఎదిగారు. 2020లో ‘బ్యాంగ్’ పాట బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి పదిలోకి వెళ్లింది. 2023 నవంబర్‌లో ‘ద మేబీ మ్యాన్’ ఆల్బమ్ వచ్చాక, 2024లో అదే పేరుతో అమెరికా అంతా తిరిగి పెద్ద పెద్ద ఇండోర్ స్టేడియాల్లో పాడారు. అన్నదమ్ములు కలిసి ఒకే వ్యాపారం ఇన్నేళ్లు నడపడమే గొప్ప అని మన ఊళ్లలో ఏ పెద్దాయన్నడిగినా చెబుతాడు. అది వేరే సంగతి.

ఒకపక్క ఇదంతా నడుస్తుంటే ఆడమ్ ఇంకో దారి కూడా పట్టాడు. మిలా రోసెంతాల్‌తో కలిసి ‘ప్లానెట్ రీఇమాజిన్డ్’ అనే లాభాపేక్ష లేని సంస్థను పెట్టాడు. కొలంబియా యూనివర్సిటీలో వాతావరణ ప్రచారోద్యమాలు ఎలా నడపాలన్న పాఠం చెబుతున్నాడు. 2025లో ‘యాంప్లిఫై’ పేరుతో హెదర్ లాండీతో కలిసి పుస్తకం కూడా రాశాడు. బ్యాండుకు అభిమానులను పోగుచేసిన పద్ధతినే ఒక ఉద్యమానికి మనుషుల్ని పోగుచేయడానికి ఎలా వాడొచ్చు... పుస్తకంలో ఉన్నది అదే.

సంతకం పెట్టి లోపలికెళ్లు

సినిమావాళ్లు, పాటగాళ్లు స్టేజీ ఎక్కి ‘చెట్లు నాటండి, భూమిని కాపాడండి’ అనడం మనకు కొత్త కాదు. చప్పట్లు కొడతాం, బయటికొచ్చి పార్కింగ్‌లో కారు వెతుక్కుంటాం. ఆడమ్ మెట్ పట్టుకున్నది సరిగ్గా ఈ బలహీనతనే. కచేరీకి వచ్చినవాడు ఆ రెండు మూడు గంటలూ మంచి ఊపుమీద ఉంటాడు. పక్కన పదివేలమంది తనలాంటివాళ్లే ఉన్నారని కళ్లారా చూస్తుంటాడు. ఆ సమయంలో వాడికి ఉపన్యాసం కాకుండా చేతికో పని ఇవ్వాలి. ఆ పని చిన్నదై ఉండాలి, అక్కడికక్కడే అయిపోవాలి, అన్నిటికన్నా ముఖ్యం, వాడి ఊరికి సంబంధించినదై ఉండాలి. ధ్రువపు ఎలుగుబంటి గురించి కాదు, వాడి వీధి గురించి.

2024 పర్యటనలో చేసింది ఇదే. ఊరూరికీ పని మారింది. ఒకచోట అర్జీ, ఒకచోట ప్రజాప్రతినిధికి ఉత్తరం, ఇంకోచోట స్థానిక సంస్థలో వాలంటీరుగా పేరు నమోదు. పర్యటన ముగిసేసరికి అభిమానులు ఇలా చేసిన పనులు 35 వేలు దాటాయి.

వీటిలో మనం కాస్త నిలబడి చూడాల్సింది ఫీనిక్స్‌లో జరిగింది. అరిజోనాలోని ఆ ఊళ్లో 2023 వేసవిలో వరసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 43 సెల్సియస్, తగ్గకుండా కాసింది. ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీ ఆ ఏడాది ఎండ సంబంధిత మరణాలు 645 అని లెక్క తేల్చింది. అయితే తుపాను వస్తే, వరద వస్తే రంగంలోకి దిగే కేంద్ర విపత్తు సంస్థ ‘ఫెమా’కు ఎండ అనేది ఆ కోవలో లేదు. ఒట్టి ఎండకు పెద్ద విపత్తు ప్రకటన అమెరికా చరిత్రలో లేదు. ప్రకటన లేకపోతే ఆ నిధులూ రావు. ఎండను కూడా విపత్తుగా గుర్తించండి అంటూ ఫెమాకు రాసిన అర్జీ మీద ఫీనిక్స్ కచేరీకి వచ్చిన కుర్రకారు సంతకాలు పెట్టారు.

ఎండ విపత్తా, కాదా?

ఇది ఎక్కడో ఎడారి గొడవ, మనకేంటి అనుకోకండి. ఇదే ప్రశ్న మన ఇంటి గడపలో కూడా ఉంది.

2015 మే నెల గుర్తుందా? ఆ వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా పోయారు. తెలంగాణలో వందల్లో పోయారు. పోయినవాళ్లలో ఎక్కువమంది ఎవరు? ఉపాధి హామీ పనికి పోయినవాళ్లు, మేస్త్రీలు, గొర్రెల కాపర్లు, రోడ్డు పక్క బండి పెట్టుకున్నవాళ్లు. అక్కడ కూడా తుపానుకు ఉన్న గుర్తింపు ఎండకు లేదు. కేంద్రం నోటిఫై చేసిన విపత్తుల జాబితాలో వడదెబ్బ లేదు కాబట్టి రాష్ట్రాలు తమ తిప్పలు తాము పడ్డాయి. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాడ్పును రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. వడదెబ్బతో చనిపోయిన వాళ్ల కుటుంబానికి ఇచ్చే సాయం రూ. 50 వేల నుంచి రూ. 4 లక్షలకు పెరిగింది. కాగితం మీద ఒక్క మాట చేరితే ఒక ఇంటికి వచ్చే తేడా అది.

ఇక గల్ఫ్. ఈ పేజీ చదివేవాళ్లలో జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి దుబాయి, దోహా వెళ్లినవాళ్లున్నారు. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లినవాళ్లున్నారు. వాళ్లకు ఎండ గురించి న్యూజెర్సీ నుంచి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పినట్టే. అయినా ఒకటి గమనించండి. ఈ విషయంలో గల్ఫ్ దేశాల్లో రాతపూర్వకమైన రూలన్నా ఒకటుంది. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఆరుబయట పని బంద్. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా 11 నుంచి 4 వరకు. ఖతార్‌లో 2021లో తెచ్చిన రూలు ప్రకారం జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా 10 నుంచి 3.30 వరకు. గాలిలో తేమ కూడా కలిపి కొలిచే మీటరు 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా పని ఆపాల్సిందే. రూలు ఉండటం వేరు, సైటు మీద ఫోర్‌మన్ దాన్ని పాటించడం వేరు... అది మీకే బాగా తెలుసు. అయినా ఆ వేళలు ఫోన్‌లో రాసి పెట్టుకోండి, అడగడానికి ఆధారం ఉంటుంది.

రూలు లేనిచోట రూలు కావాలని అడగాలి. ఉన్నచోట అమలు చేయమని అడగాలి. ఫీనిక్స్‌లో ఆ కుర్రాళ్లు చేసింది మొదటిది. పాట వాళ్లను అక్కడిదాకా తీసుకొచ్చింది.

మన పక్కింట్లోనే లెక్క కట్టారు

ప్లెయిన్స్‌బరోకూ దీనికీ ఏమిటి సంబంధం అంటారా? చాలా ఉంది. 2020 జనాభా లెక్కల ప్రకారం 24 వేల పైచిలుకు జనం ఉన్న ఊరు ఇది. అందులో అటూఇటుగా సగంమంది ఆసియా మూలాలవాళ్లే. సాయంత్రం ఏ అపార్ట్‌మెంట్ కాంప్లెక్సులోకి వెళ్లినా పోపు వాసన, వెనకాలే తెలుగు మాట. ఊరి పొలిమేరలో, రూట్ వన్ పక్కన ప్రిన్స్‌టన్ యూనివర్సిటీవాళ్ల ఫారెస్టల్ క్యాంపస్ ఉంది. రోజూ ఆఫీసుకెళ్తూ దాని ముందు నుంచే పోతాం. ఆ చెట్ల వెనక ఏముందో చాలామందికి తెలియదు.

అక్కడ అమెరికా ప్రభుత్వపు జియోఫిజికల్ ఫ్లూయిడ్ డైనమిక్స్ ల్యాబ్ ఉంది. వాషింగ్టన్ నుంచి 1968లో ప్రిన్స్‌టన్‌కు తరలి వచ్చింది. ఇందులోనే దశాబ్దాల పాటు పనిచేశారు స్యుకురో మనాబే. జపాన్‌లోని ఎహిమేలో పుట్టి, 1958లో ఉద్యోగం కోసం అమెరికా వచ్చినాయన. అంటే మనలాంటి వలసజీవే అన్నమాట! 1967లో ఆయనా రిచర్డ్ వెదరాల్డూ కలిసి ఒక లెక్క వేశారు. గాలిలో కార్బన్ డయాక్సైడు రెట్టింపైతే భూమి సగటు వేడి ఎంత పెరుగుతుంది? సుమారు 2.3 డిగ్రీల సెల్సియస్ అని తేల్చారు. ఇప్పుడు మన సెల్‌ఫోన్‌లో ఉన్న శక్తి ముందు బొమ్మలాంటి కంప్యూటర్ల మీద! తరవాత దశాబ్దాల్లో ఆ నమూనాలు ఫారెస్టల్ క్యాంపస్‌లోనే పెరిగి పెద్దవయ్యాయి. 2021లో ఆయనకు ఫిజిక్స్‌లో నోబెల్ ఇచ్చారు. భూతాపం అన్న మాట ప్రపంచమంతా తిరుగుతోంది కానీ, దాని లెక్కల పుస్తకంలో పెద్ద భాగం మన కిరాణా షాపుకు నాలుగు సిగ్నళ్ల అవతల రాసిందే.

ఆ లెక్కలు మన గుమ్మం ముందుకు రావడం కూడా చూశాం. 2021 సెప్టెంబర్ 1న ఐడా తుపాను మిగులు వాన న్యూజెర్సీ మీద పడింది. న్యూఆర్క్‌లో ఒక్క గంటలో మూడంగుళాలకు పైగా కురిసింది. రాష్ట్రంలో 30 మంది చనిపోయారు, కార్లలో చిక్కుకుని కొట్టుకుపోయినవాళ్లు చాలామంది. మృతుల్లో భారతీయులూ ఉన్నారు. ఇక్కడ మనం బేస్‌మెంట్లో నీళ్లు తోడుకున్నాం. మూడేళ్ల తరవాత, 2024 సెప్టెంబర్ మొదటి వారంలోనే, బుడమేరు పొంగి విజయవాడ సగం మునిగితే ఇక్కణ్నుంచి అమ్మానాన్నలకు రాత్రంతా ఫోన్లు చేస్తూ కూర్చున్నాం. వలసవాడికి వాతావరణం రెండుచోట్లా దెబ్బ కొడుతుంది. ఉన్న ఊళ్లోనూ, వదిలొచ్చిన ఊళ్లోనూ.

పిల్లలకు తెలుసు, మనకు తెలియదు

ఇంకో విచిత్రం. అమెరికాలో వాతావరణ మార్పును కేజీ నుంచి పన్నెండో తరగతి దాకా పాఠాల్లో తప్పనిసరి చేసిన మొదటి రాష్ట్రం న్యూజెర్సీ. 2020 జూన్‌లో నిర్ణయం తీసుకున్నారు, 2022 సెప్టెంబర్ నుంచి క్లాసుల్లో అమలైంది. సైన్సులోనే కాదు, సోషల్‌లో, బొమ్మలేసే క్లాసులో, ఆఖరికి వ్యాయామం క్లాసులో కూడా. అంటే వెస్ట్ విండ్సర్-ప్లెయిన్స్‌బరో బడులకు వెళ్లే మన పిల్లలు పొద్దున బడిలో దీన్ని చదువుతారు, సాయంత్రం ఏజేఆర్ వింటారు. ఇంటికొచ్చి ‘డాడీ, మనమేం చేస్తున్నాం?’ అంటే మన దగ్గర సమాధానం ఉండదు. మహా అయితే 2022 మే 4 నుంచి షాపుల్లో ప్లాస్టిక్ సంచులు బందయ్యాక, కారు డిక్కీలో గుడ్డ సంచులు పెట్టుకున్నాం అని చెప్పొచ్చు. అవీ షాపు లోపలికి వెళ్లాకగానీ గుర్తురావు!

మన మౌనానికి కారణం బద్ధకం ఒక్కటే కాదు. వీసా భయం కూడా. ఓటు లేదు, గ్రీన్‌కార్డు క్యూ తాతలనాటిది, ఎక్కడ సంతకం పెడితే ఏమవుతుందోనన్న గుబులు. ఈ మధ్యకాలంలో ఆ గుబులు ఇంకా పెరిగింది, అది ఉత్తిది అని కొట్టిపారేయలేం. ఊరేగింపులకు వెళ్లాలా వద్దా అన్నది ఎవరి పరిస్థితిని బట్టి వాళ్లే తేల్చుకోవాలి. ఎన్నికలకు చందా ఇవ్వడం హెచ్-1బి వాళ్లకు నిషిద్ధం, అది ఎప్పుడూ చేయకూడదు. అయితే టౌన్‌షిప్ కమిటీ మీటింగు సంగతి వేరు. న్యూజెర్సీ చట్టం ప్రకారం ప్రతి మీటింగులో జనం మాట్లాడటానికి కొంత సమయం ఉంచాలి. అక్కడ పౌరసత్వం అడగరు. మా వీధి చివర కాలువ పూడిపోయింది, వానొస్తే నీళ్లు నిలుస్తున్నాయి అని చెప్పడం కూడా వాతావరణ పనే. కాంగ్రెస్ సీట్ల పంపకం కూడా పౌరులతో కాదు, మొత్తం నివాసితులతో లెక్కేస్తారు. ఆ లెక్కలో మనమూ ఉన్నాం. ఉత్తరం రాస్తే చదవాల్సిన బాధ్యత ఆ ఆఫీసుకు ఉంది.

విమానమెక్కి వచ్చి నీతులా?

ఈ మాట తప్పకుండా వస్తుంది. రావాలి కూడా. లారీల నిండా లైట్లు, సౌండ్ సిస్టమ్ వేసుకుని ఊరూరూ తిరిగే బ్యాండు కాలుష్యం గురించి చెప్పడమేమిటి? నిజానికి కచేరీల్లో ఎక్కువ కర్బనం స్టేజీ మీద కాదు, చూడ్డానికి వచ్చే జనం ఎక్కిన కార్లలో, విమానాల్లో ఉంటుంది. కోల్డ్‌ప్లే బ్యాండు 2019లో ‘దారి దొరికేదాకా టూర్ చేయం’ అని ఆగిపోయింది. 2022లో మళ్లీ బయల్దేరి, జనం గెంతితే కరెంటు పుట్టే ఫ్లోర్లు, తొక్కే సైకిళ్లు పెట్టింది. కిందటి టూర్‌తో పోలిస్తే ఒక్కో షోకు ఉద్గారాలు 59 శాతం తగ్గాయని 2024లో ప్రకటించింది. 2025 జనవరిలో ముంబయి, అహ్మదాబాద్ వచ్చినప్పుడు మన హైదరాబాద్ కుర్రాళ్లు విమానాలెక్కి మరీ వెళ్లారు. ఆ విమానాలు ఏ లెక్కలోకి వస్తాయో మరి!

ఇంకొంచెం వెనక్కి వెళ్తే, 2007 జులై 7న ‘లైవ్ ఎర్త్’ పేరుతో ప్రపంచమంతా ఒకేరోజు కచేరీలు జరిగాయి. అమెరికా కచేరీ మన న్యూజెర్సీలోనే, ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌లోని జెయింట్స్ స్టేడియంలో. చివర పాడింది ద పోలీస్ బ్యాండు. అల్ గోర్ పెట్టిన సభ, టీవీల్లో కోట్లమంది చూశారు. స్టేడియాన్ని 2010లో పడగొట్టేశారు. ఆ రోజు వచ్చినవాళ్లకు ఏం పని అప్పజెప్పారని అడిగితే, ఏడు ప్రతిజ్ఞలు చేయించారు. ఇంటికెళ్లాక ఎవరు ఏది చేశారో చూసిందెవరు? ఆడమ్ మెట్ పద్ధతి నాకు నచ్చింది ఇందుకే. ఆయన ప్రతిజ్ఞ కాకుండా పని అడిగాడు, పనిని లెక్కపెట్టాడు. ఆ పోలీస్ బ్యాండు డ్రమ్మరు స్టూవర్ట్ కోప్‌లాండే తరవాత బెంగళూరు రికీ కేజ్‌తో కలిసి ప్రకృతి మీద ‘డివైన్ టైడ్స్’ ఆల్బమ్ చేసి 2022లో గ్రామీ కొట్టాడు. అదొక కొసరు ముచ్చట.

పాటతో పాటు చట్టసభ తలుపు కూడా తడుతున్నాడు ఆడమ్. ప్రభుత్వ భూముల్లో చమురు కోసం ఇప్పటికే లీజుకిచ్చిన చోట్లలో, లీజుదారు ఒప్పుకుంటే, సోలార్, గాలిమరలు కూడా పెట్టుకోనివ్వాలన్న ఆలోచన మీద ఆయన సంస్థ పనిచేసింది. 2024లో దీని మీద ప్రతినిధుల సభలో బిల్లు పెట్టింది ఒక డెమొక్రాట్, ఒక రిపబ్లికన్... మైక్ లెవిన్, జాన్ కర్టిస్. చమురోళ్లతో రాజీ ఏమిటని పర్యావరణవాదుల్లో కొందరికి మింగుడుపడకపోవచ్చు. కానీ ఇద్దరు బద్ధవైరులు ఒక కాగితం మీద సంతకం పెట్టడం ఈ రోజుల్లో చిన్న విషయమేం కాదు.

మన వేదికల సంగతేంటి?

పాటతో జనాన్ని కదిలించడం తెలుగువాడికి ఒకరు నేర్పాల్సిన పని కాదు. నాజర్ బుర్రకథ, వంగపండు ఉత్తరాంధ్ర జానపదం, గద్దర్ గోచీ గొంగళి, పల్లె దుఃఖాన్ని పాట కట్టిన గోరటి వెంకన్న, తెలంగాణ ధూంధాం... ఒక్కో పాట వెనక ఊళ్లకు ఊళ్లు నడిచాయి. సముద్రం దాటాక మన పాట వినోదం ఒక్కటే అయిపోయింది. తానా, ఆటా, నాట్స్ సభలకు వేలమంది వస్తారు. దేవిశ్రీ ప్రసాద్ లాంటివాళ్ల కచేరీలకు హాలు హాలంతా లేచి గెంతుతుంది. భోజనాల దగ్గర వాడి పారేసే ప్లేట్లు, సీసాలు గుట్టలు గుట్టలు.

ఆ క్యూలో నిలబడ్డప్పుడు ఒక టేబుల్ వేసి, తెలంగాణలో వచ్చిన వడదెబ్బ సాయం జీవో సంగతి ఊళ్లో అమ్మానాన్నలకు ఎలా చెప్పాలో ఒక కాగితం, గల్ఫ్‌లో ఉన్న తమ్ముడికి పంపడానికి మధ్యాహ్నపు పని నిషేధం వేళలు ఒక కాగితం ఇవ్వొచ్చు కదా. పాటగాడు మధ్యలో ఒక్క నిమిషం ఆగి, ఆ టేబుల్ వైపు చెయ్యి చూపిస్తే చాలు.

ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు ఇంకోటి. 2025 జూన్‌లో న్యూజెర్సీలో కరెంటు బిల్లులు ఒక్కసారిగా 17 నుంచి 20 శాతం దాకా పెరిగాయి. సొంత ఇల్లు లేదు, సోలార్ పలకలు ఎక్కడ పెట్టుకోవాలి అనుకునేవాళ్ల కోసమే రాష్ట్రంలో కమ్యూనిటీ సోలార్ పథకం ఉంది. 2019లో ప్రయోగంగా మొదలై, 2023లో శాశ్వతమైంది. ఎక్కడో గోదాము కప్పు మీద పెట్టిన పలకల్లో మీకో వాటా ఇస్తారు, దాని క్రెడిట్ మీ నెలవారీ బిల్లులో పడుతుంది. ఓనరు అనుమతి అక్కర్లేదు, ఇల్లు మారినా పర్లేదు. వాటాల్లో పెద్ద భాగం తక్కువ ఆదాయం కుటుంబాలకే ఉంచుతారు. మిగతావాళ్లు కూడా పేరు పెట్టుకోవచ్చు. సంతకం పెట్టేముందు డిస్కౌంటు ఎంత, మధ్యలో మానుకుంటే ఫీజు ఉందా... ఈ రెండూ అడిగి రాయించుకోండి.